బాపు నంబరు పోయింది, నా ఫొటోలూ పోయినట్టేనా?

ప్రశ్న: అన్నా, మాది పరకాల. 2015లో టీఎస్‌పీఎస్సీ ఓటీఆర్ (ఒకసారి చేసుకునే రిజిస్ట్రేషన్) కోసం బస్టాండ్ దగ్గరి ఇంటర్నెట్ సెంటర్‌లో నాకు జీమెయిల్ చేసిచ్చారు. అప్పుడు నాకు సొంత ఫోన్ లేదు, బాపు నంబరే ఇచ్చాం. 2021లో కరోనా రెండో వేవ్‌లో బాపు పోయారు. ఆ సిమ్‌కు మేమెవరం రీచార్జ్ చేయించలేదు. మొన్న దసరాకు నా ఫోన్ బకెట్ నీళ్ళలో పడి ఆగిపోయింది. కొత్త ఫోన్‌లో మెయిల్ వేస్తే పాస్‌వర్డ్ తప్పంటోంది, కోడేమో బాపు నంబరుకు పంపుతానంటోంది. ఆ నంబరుకు చేస్తే నిజామాబాద్ నుంచి ఎవరో ఎత్తారు. బాపు చివరి ఫొటోలు, మా బాబు పుట్టినప్పటివి, నా సర్టిఫికెట్ల స్కాన్లు అన్నీ అందులోనే ఉన్నాయి. మా ఆయన సౌదీలోని దమ్మామ్‌లో పని చేస్తారు, ఆయనకు చెప్తే కంగారు పడతారని చెప్పలేదు. ఒకతను ఐదు వేలిస్తే తీసిస్తానంటున్నాడు. ఇవ్వమంటారా? ఇన్నేళ్ళు నమ్మి దాచుకుంటే నా అకౌంట్ నాదేనన్న నా మాట వాళ్ళెందుకు నమ్మరు? ఇక ఏదీ ఆన్‌లైన్‌లో పెట్టొద్దనిపిస్తోంది.
– ఒక చెల్లెలు, పరకాల

జవాబు: ముందు ఆ ఐదు వేల సంగతి తేల్చేద్దాం చెల్లెమ్మా. ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. గూగుల్ అకౌంట్‌ను బయటి నుంచి తెరిచే దొడ్డిదారి ఏదీ అతని దగ్గర ఉండదు. మీరు ఇంట్లో కూర్చుని ఉచితంగా చేయగల రికవరీ పేజీనే అతను తన ఫోన్‌లో తెరుస్తాడు. తెరుచుకుంటే తన గొప్ప, తెరుచుకోకపోతే 'సర్వర్ బిజీగా ఉంది, ఇంకో రెండు వేలు పెట్టాలి' అంటాడు. అసలు తెరుచుకుంటేనే ఎక్కువ భయపడాలి. ఎందుకంటే అప్పుడు మీ అకౌంట్ అతని ఫోన్‌లో తెరుచుకుంటుంది, మీ ఇంటి ఫొటోలు అతను చూశాకే మీదాకా వస్తాయి. 'గూగుల్ కస్టమర్ కేర్' అని నెట్‌లో వెతికితే కనబడే నంబర్లదీ ఇదే కథ. మనలాగా ఉచితంగా జీమెయిల్ వాడేవాళ్ళ కోసం ఫోనెత్తి మాట్లాడే మనిషిని గూగుల్ పెట్టలేదు. ఎవరైనా ఎత్తి 'చెప్పండి మేడమ్' అన్నారంటే మోసమే అనుకోండి. స్క్రీన్ కనబడే యాప్ వేసుకోమన్నారంటే ఇంక మాటే అక్కర్లేదు, ఫోన్ పెట్టేయండి. ఇప్పటికే అడ్వాన్సు కింద ఏమైనా పంపి ఉంటే ఈ పేజీ పక్కన పెట్టి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బును అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇక మీరు అడగని విషయం ఒకటుంది. నాకైతే మీ ఫొటోలకన్నా దాని గురించే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. బాపు నంబరు మీ జీమెయిల్‌కు ఒక్కదానికే ఇచ్చి ఉంటారా? మన ఇళ్ళలో ఒకప్పుడు ఇంటికంతా ఒకే నంబరు. అమ్మ బ్యాంకు ఖాతా, అమ్మ ఆధార్, గ్యాస్ కనెక్షన్, పొలం ఉంటే రైతుబంధు పడ్డ ఖాతా, అన్నింటికీ ఆ నంబరే రాయించి ఉంటారు. ఇప్పుడు అమ్మ ఖాతాలో డబ్బు పడినా, తీసినా మెసేజ్ నిజామాబాద్ పోతోంది. ఓటీపీ కూడా అక్కడికే పోతుంది. ఆ మనిషి మంచివాడే కావచ్చు, మీరు ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడాడు కదా. కానీ ఒకరి మంచితనం మీద అమ్మ ఖాతా నడవకూడదు. రేపే అమ్మను వెంటబెట్టుకుని, పాస్‌బుక్, ఆధార్ తీసుకుని బ్రాంచికి వెళ్ళి నంబరు మార్పించండి. ఆధార్‌లో మొబైల్ నంబరు మార్చడానికి వేరే కాగితాలేవీ అడగరు, ఆధార్ కేంద్రంలో అమ్మ వేలిముద్ర వేస్తే చాలు. వ్యవసాయం చేసిన చేతులకు వేలిముద్రలు ఒక్కోసారి పడవు. అలాంటప్పుడు కళ్ళతో తీసుకోమని అడగండి.

ఆ నంబరు వేరేవాళ్ళకు ఎలా ఇస్తారని మీకు కోపం ఉంటుంది. నియమమే అలా ఉంది. ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు వాడకుండా, బ్యాలెన్స్ కూడా లేకుండా ఉంటే కంపెనీ దాన్ని ఆపేయొచ్చు. ఆపేశాక కనీసం ఇంకో 90 రోజులు ఎవరికీ ఇవ్వకూడదు, ఆ తర్వాత కొత్తవాళ్ళకు ఇవ్వొచ్చు. ఈ విషయం మీద ఒకరు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2023 నవంబరులో కోర్టు ఆ కేసు మూసేస్తూ, పాత నంబరులోని తమ సమాచారాన్ని కాపాడుకునే జాగ్రత్త వినియోగదారులే తీసుకోవాలని చెప్పింది. చట్టం లెక్కన అది సరైనదే కావచ్చు. కానీ ఇంటి పెద్ద పోయిన మూడు నెలల్లో ఆయన సిమ్‌కు రీచార్జ్ చేయించాలని ఎవరికి తోస్తుంది? దశదినకర్మ ఖర్చులు, ఆస్పత్రి బిల్లులు చూసుకునేసరికే ఆ మూడు నెలలు గడిచిపోతాయి. ఇందులో మిమ్మల్ని మీరు తిట్టుకోవాల్సిందేమీ లేదు.

ఇప్పుడు అకౌంట్ సంగతి. కొత్త ఫోన్‌లో పదే పదే పాస్‌వర్డ్ కొట్టడం ఆపండి. మీ ఆశంతా పాత ఫోన్‌లోనే ఉంది. అది నీళ్ళలో పడి ఆగిపోయింది తప్ప, అందులో మీ అకౌంట్ లాగౌట్ కాలేదు. మళ్ళీ వెలిగిందంటే పాస్‌వర్డ్ అడగకుండానే జీమెయిల్ తెరుచుకునే అవకాశం బాగా ఉంది. దాన్ని చార్జింగ్ పెట్టి చూడకండి, తడి తగిలిన బోర్డు మీద కరెంటు పారితే ఉన్నదీ కాలిపోతుంది. పరకాలలో ఎవరూ చేయలేమంటే హన్మకొండ చౌరస్తా వైపు వెళ్ళి, డిస్‌ప్లేలు, బ్యాటరీలు మార్చే షాపులు కాకుండా, బోర్డు పని చేసేవాళ్ళెవరో అడగండి. వాళ్ళ బల్ల మీద మైక్రోస్కోప్ ఉంటుంది, అదే గుర్తు. బోర్డు విప్పి, పట్టిన తుప్పును బ్రష్‌తో కడిగి, చెడిన ఐసీ (చిన్న చిప్) ఉంటే మారుస్తారు. అతనికి రెండు మాటలు గట్టిగా చెప్పండి. ఒకటి, ఫోన్ బాగు కాకపోయినా పర్వాలేదు, డేటా కావాలి. రెండు, ఏం జరిగినా ఫ్యాక్టరీ రీసెట్ కొట్టొద్దు. రీసెట్ కొడితే ఫోన్‌లో ఉన్నదంతా పోతుంది. ఆపైన ఆ ఫోనే 'ఇంతకుముందున్న గూగుల్ అకౌంట్‌తో రండి' అని తలుపేసుకుంటుంది. ఆ మాట చీటీ మీద రాసి ఫోన్‌కు అంటించి ఇచ్చినా తప్పులేదు, ఎందుకంటే ఇచ్చేది ఒకరికైతే చేసేది ఇంకో కుర్రాడు. స్క్రీన్ లాక్ మాత్రం మీకు గుర్తుండాలి. అది లేకుండా బోర్డు బతికినా లోపలి డేటా రాదు.

వెలిగిందనుకుందాం. సంతోషంలో అందరికీ ఫోన్లు చేయకముందే ఫొటోలు కేబుల్‌తో కంప్యూటర్‌లోకి దించుకోండి. అలా బాగైన ఫోన్ ఎన్నాళ్ళు పని చేస్తుందో చెప్పలేం, కొన్ని ఒక పూటలోనే మళ్ళీ ఆగిపోతాయి. ఆ తర్వాతే సెట్టింగ్స్‌లో గూగుల్ అకౌంట్‌లోకి వెళ్ళి పాస్‌వర్డ్ మార్చండి. పాతది గుర్తులేదంటే, ఫోన్ స్క్రీన్ లాక్‌తో అది మీరేనని నిర్ధారించుకునే దారి చాలాసార్లు చూపిస్తుంది. రికవరీ నంబరు దగ్గర బాపు నంబరు తీసేసి మీది పెట్టండి. మార్చాక కూడా వారం దాకా గూగుల్ పాత నంబరుకు కోడ్ పంపే వీలు ఉంచుతుంది, అది చూసి కంగారు పడకండి.

ఫోన్ బతకలేదనుకోండి. అప్పుడు ఇంట్లో ఉన్న పరికరాలన్నీ ఒకసారి గుర్తు చేసుకోండి. కరోనా అప్పుడు ఇంట్లో పిల్లలెవరికైనా ఆన్‌లైన్ క్లాసుల కోసం ఫోనో ట్యాబో కొన్నారా? దాంట్లో మీ మెయిల్ వేసి ఉంటారు. మీ ఆయన గతంలో సెలవుకొచ్చినప్పుడు ఆయన ఫోన్‌లో మీ ఫొటోలు చూడటానికి ఎప్పుడైనా లాగిన్ అయ్యారా? చెప్తే కంగారు పడతారన్నారు, కానీ ఆయన ఫోన్‌లోనే మీ అకౌంట్ తెరిచి ఉండొచ్చు. కాబట్టి ఇవాళే చెప్పండి. అలాంటిదేదీ లేకపోతే రికవరీ పేజీని మీ ఇంట్లోనే, మీరు ఇంతకుముందు వాడిన వైఫై ఉంటే దాని మీదే తెరవండి. ఎక్కడి నుంచి, ఏ ఫోన్ నుంచి అడుగుతున్నారన్నది గూగుల్ చూస్తుంది. పరకాలలో పదేళ్ళుగా తెరిచిన అకౌంట్‌ను హఠాత్తుగా ఇంకో ఊరి షాపులో, ఎవరిదో ఫోన్‌లో తెరవబోతే దొంగ అనుకుంటుంది. ఐదు వేలవాడి చేతికి వద్దనడానికి ఇదీ ఒక కారణమే. గుర్తున్న చివరి పాస్‌వర్డ్ అడిగితే ఖాళీగా వదలకండి, పాతదైనా దగ్గరగా ఉన్నది రాయండి. వరసగా కొట్టుకుంటూ పోతే కొంతసేపు ఆపేస్తుంది. ఒకరోజు వదిలి మళ్ళీ చూడండి. గడువు మాత్రం మరిచిపోవద్దు. రెండేళ్ళు ఎవరూ తెరవని వ్యక్తిగత అకౌంట్లను తీసేస్తామని గూగుల్ 2023 మేలో చెప్పి, ఆ డిసెంబరు నుంచే మొదలుపెట్టింది. మీరు దసరా దాకా వాడారు కాబట్టి సమయం ఉంది.

ఆ ఇంటర్నెట్ సెంటర్ ఇంకా ఉందా? ఉంటే ఒకసారి వెళ్ళండి. నవ్వులాట కాదు. హన్మకొండలో కంప్యూటర్ పాఠాలు చెప్పిన రోజుల్లో ఇలాంటి సెంటర్లు చాలా చూశాను. కౌంటర్ మీద ఎరువుల కంపెనీవాళ్ళు ఉచితంగా పంచిన డైరీ ఒకటి ఉండేది, అట్ట మీద యూరియా బస్తా బొమ్మతో. లోపల వరస తప్పకుండా పేరు, తండ్రి పేరు, హాల్‌టికెట్ నంబరు, మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్. సగం మందికి పాస్‌వర్డ్ ఒకటే: పేరు, దాని పక్కన ఒక గుర్తు, తర్వాత ఒకటీ రెండూ మూడూ. ఊళ్ళో ఉద్యోగానికి అప్లై చేసిన పిల్లలందరి తాళంచెవులూ ఆ డైరీలోనే ఉండేవి. చాలామందికి రికవరీ మెయిల్ కింద సెంటర్ ఓనరు తన సొంత మెయిలే ఇచ్చేవాడు, మళ్ళీ మళ్ళీ వచ్చి పాస్‌వర్డ్ మర్చిపోయామని ప్రాణం తీయకుండా. మీ రికవరీ పేజీలో 'ఇంకో విధంగా ప్రయత్నించండి' నొక్కితే చుక్కల మధ్య రెండు మూడక్షరాలతో ఏదైనా మెయిల్ కనబడుతోందేమో చూడండి. కనబడి, అది మీది కాదంటే ఆయనదే కావచ్చు. ఆయన ఎదురుగా కూర్చుని కోడ్ తీయించుకోండి, అకౌంట్ తెరుచుకోగానే ఆ మెయిల్ తీసేయండి. ఆయన బాధపడతాడేమోనని మొహమాటపడకండి.

నిజామాబాద్ మనిషిని కోడ్ అడగొచ్చా అంటే, అడగొచ్చు, కానీ అన్నీ అయిపోయాకే. తెలియనివాళ్ళు ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చెప్పొద్దని మనమే ఊరంతా చెప్తున్నాం కదా, ఆయన చెప్పకపోతే ఆయన చేసిందే కరెక్టు. ఒకసారి ఫోన్ చేసి, మీ పేరు, ఊరు, బాపు విషయం చెప్పండి. మొదటి ఫోన్‌లోనే కోడ్ అడగకండి. ఇంట్లోవాళ్ళతో మాట్లాడుకోమని, ఇష్టమైతేనే చెప్పమని అడగండి. ఒప్పుకుంటే ఒకే ఒక్కసారి, ఇద్దరూ ఫోన్‌లో ఉండగానే పని ముగించి, అప్పటికప్పుడు నంబరు మార్చేయండి. కుదరదంటే నమస్తే అన్నా అని ఊరుకోండి. మళ్ళీ మళ్ళీ చేస్తే ఆయనే మీ మీద 1930కి చెప్తాడు.

అకౌంట్ రానే రాదనుకున్నా బాపు ఫొటోలు పోయినట్టు కాదు. మీరు తీసిన ఫొటోల్లో మంచివన్నీ దమ్మామ్‌కు వాట్సాప్‌లో పంపే ఉంటారు. అవి మీ ఆయన ఫోన్ గ్యాలరీలో ఉంటాయి. డిలీట్ ఫర్ మీ కొట్టే అలవాటు ఆయనకు లేకపోతే చాట్‌లో పైకి వెళ్తే కూడా దొరుకుతాయి. అక్కాబావలు, మేనమామల గ్రూపుల్లో అడగండి, 'బాపువి ఉన్న ఫొటోలన్నీ పెట్టండి' అంటే ఇంతవరకు మీరు చూడనివి కూడా రావచ్చు. పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదంటే వాట్సాప్ సైజు తగ్గించేస్తుంది. అసలు బాపు ఫోన్ ఏమైంది? బీరువాలో ఏ చీరల కిందో ఉండే ఉంటుంది. సిమ్ పోయినా దాంట్లో మెమరీ కార్డు ఉంటే కార్డ్ రీడర్‌లో పెడితే చదువుతుంది. ఇంట్లో పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసిన స్టూడియోవాళ్ళను అడగండి, పాత హార్డ్‌డిస్కులు కొందరు ఏళ్ళ తరబడి దాచుతారు.

సర్టిఫికెట్ల స్కాన్ల గురించి దిగులు వద్దు. ఒరిజినల్స్ ఇంట్లో ఉంటే మళ్ళీ స్కాన్ చేస్తే సరిపోతుంది. పాన్, ఆధార్ లాంటివి ప్రభుత్వ యాప్ డిజీలాకర్‌లో ప్రభుత్వ సంస్థ నుంచే నేరుగా వస్తాయి, చట్టప్రకారం వాటికి కాగితంతో సమానంగా విలువ ఉంది. మీ సొంత నంబరు ఆధార్‌కు కలిపాక అది తెరవండి. టీఎస్‌పీఎస్సీ ఇప్పుడు టీజీపీఎస్సీ అయింది కదా, వాళ్ళ సైట్‌లో ఓటీఆర్ సవరించుకునే వీలుంది. తర్వాతి నోటిఫికేషన్ దాకా ఆగకుండా మెయిల్, నంబరు రెండూ మార్చండి. హాల్‌టికెట్ల రోజున మొదలుపెడితే ఆ సైట్ తెరుచుకోదు, మీకు తెలియంది కాదు.

మన మాట ఎందుకు నమ్మరన్నారు. నిజంగా బాధ కలిగించే ప్రశ్నే. కానీ ఒకసారి అవతలి వైపు నుంచి చూడండి. 'నా అకౌంట్ నాదే, ఫోన్ పోయింది, నాన్న నంబరు పోయింది' అని మీరు ఏ మాటలు రాస్తారో, మీ అకౌంట్ కొట్టేయాలనుకున్నవాడూ అవే మాటలు రాస్తాడు, ఇంకొంచెం బాగా రాస్తాడు కూడా. కన్నీళ్ళు చూసి తలుపు తీసే కంపెనీ అయితే మీ ఫొటోలు ఎప్పుడో ఎవరి చేతిలోనో పడేవి. అందుకే ఆధార్ కార్డు చూపించినా వినరు. 2015లో మీరు ఆధార్ చూపించి ఆ అకౌంట్ తీసుకోలేదు, అది మీదే అనడానికి వాళ్ళ దగ్గరున్న ఆధారాలు ఆ నంబరు, ఆ ఫోన్, ఆ పాస్‌వర్డ్, అంతే. మీరు ఇల్లు కట్టుకుని తాళంచెవి పక్కింట్లో పెట్టారు, పక్కింటివాళ్ళు మారిపోయారు.

అయినా కంపెనీలను వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. కోట్ల మంది జీవితాలను దాచిపెట్టుకుని, ఏదైనా అయితే మాట్లాడటానికి ఒక మనిషిని కూడా పెట్టకపోవడం నాకు ఏ కోశానా నచ్చదు. ఏ తప్పూ చేయకపోయినా అకౌంట్ పోవచ్చు. గుజరాత్‌లో ఒక ఇంజనీరు తన రెండేళ్ళప్పటి ఫొటో, నాయనమ్మ స్నానం చేయిస్తున్నది, గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకున్నాడు. పిల్లల అసభ్య చిత్రమని మెషీన్ అనుకుని మొత్తం అకౌంట్ మూసేసింది. ఉద్యోగం మెయిళ్ళతో సహా అన్నీ పోయి, చివరికి హైకోర్టుకు వెళ్ళాడు. 2024 మార్చిలో కోర్టు గూగుల్‌కు నోటీసు ఇచ్చింది. మనలో ఎంతమంది ఇళ్ళలో గంగాళంలో కూర్చున్న పసిపిల్లల ఫొటోలు లేవు? ఇక ప్రభుత్వమో కంపెనీయో ఒక్క మాటతో మూసేసినవీ ఉన్నాయి. సోషల్ సైట్ ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను నిషేధించారు. నిషేధం మంచిదా కాదా అన్నది వేరే సంగతి. మన కరీంనగర్, జగిత్యాల పల్లెల్లో పొలం గట్ల మీద వీడియోలు తీసిన పిల్లలు మాత్రం పొద్దున లేచేసరికి చేసిన పనంతా పోగొట్టుకున్నారు. వాళ్ళలో తమ వీడియోలు ఫోన్‌లో కూడా దాచుకున్నవాళ్ళు వేరే యాప్‌కు వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టారు.

ఫిర్యాదు చేసే దారి ఉంది, అదీ చెప్పాలి. 2021 ఐటీ నియమాల ప్రకారం ఇలాంటి పెద్ద కంపెనీలు మన దేశంలో ఫిర్యాదులు చూసే ఒక గ్రీవెన్స్ ఆఫీసర్‌ను పెట్టాలి, ఆయన 24 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నియమంలో ఉన్న గడువులోగా తేల్చాలి. తేల్చకపోయినా, జవాబు నచ్చకపోయినా 30 రోజుల్లో ప్రభుత్వం పెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి అప్పీలు చేయొచ్చు. 2023 నుంచి నడుస్తోంది, అంతా ఆన్‌లైనే, ఫీజు లేదు. ఎవరో హ్యాక్ చేసినప్పుడు, కంపెనీ అన్యాయంగా ఆపేసినప్పుడు ఇది పనికొస్తుంది. మీ కేసులో గూగుల్ ఏమీ ఆపలేదు, మీరెవరో తేల్చుకోలేకపోతోంది, అంతే. కాబట్టి దీని మీద పెద్ద ఆశలు పెట్టుకోవద్దని నా ఉద్దేశం. అన్ని దారులూ మూసుకుపోతే మాత్రం రాసి చూడండి, పోయేదేం లేదు.

ఇక ఆన్‌లైన్ మానేయాలన్న మాట. మానేసి ఎక్కడ పెడతారు? 2023 జులైలో వచ్చిన వరద గుర్తుందిగా. మీకు దగ్గర్లోనే భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరికి ఊరే మునిగింది. హన్మకొండ నయీంనగర్‌లో ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చాయి. పట్టాదారు పాస్‌బుక్కులు, టెన్త్ మెమోలు, పెళ్ళి ఆల్బమ్‌లు మిద్దెల మీద ఆరబెట్టుకున్నవాళ్ళను అడగండి, కాగితం ఎంత గట్టిదో చెప్తారు. ఆన్‌లైన్‌లో పెట్టడం తప్పు కాదు, ఆన్‌లైన్‌లో మాత్రమే పెట్టడమే ఇబ్బంది. ముఖ్యమైన ఫొటోలు ఏడాదికోసారి, బతుకమ్మకు పుట్టింటికి వెళ్ళే ముందనుకోండి, పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్‌డిస్కులోనో ఎక్కించి అమ్మ దగ్గర పెట్టండి. గూగుల్‌లో ఉన్నవన్నీ ఒక్కసారే దించుకోవడానికి 'టేకౌట్' అని వాళ్ళదే ఒక పేజీ ఉంది. వాటిలో బాపువి ఒక ఇరవై ఏరి కలర్ ల్యాబ్‌లో ప్రింట్ తీయించండి. ఏ పాస్‌వర్డూ అడగకుండా మీ బాబు తాతను చూసుకుంటాడు.

అకౌంట్ తిరిగొచ్చినా, కొత్తది చేసుకున్నా, నంబరు మాత్రం మీ పేరు మీద ఉన్న సిమ్‌దే ఇవ్వండి. మీరు ఇప్పుడు వాడుతున్న సిమ్ ఎవరి పేరు మీద ఉంది? చాలామంది ఆడవాళ్ళ సిమ్‌లు అన్నయ్య పేరు మీదో మరిది పేరు మీదో ఉంటాయి, అలాంటి సిమ్ పోతే డూప్లికేట్ కోసం వాళ్ళే రావాలి. టెలికాం శాఖవాళ్ళ సంచార్ సాథీ సైట్‌లో మీ పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో కనబడుతుంది. రికవరీ మెయిల్‌గా మీ ఆయనది పెట్టండి. పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడిగే రెండంచెల భద్రత పెట్టుకుంటే బ్యాకప్ కోడ్‌లు పది ఇస్తుంది, ఒక్కోటి ఎనిమిది అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. ఫోన్, నంబరు రెండూ లేని రోజున అవే ఆదుకుంటాయి. వాటిని ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవద్దు, ఫోనే పోతే ఏం చేస్తారు? కాగితం మీద రాసి బ్యాంకు పాస్‌బుక్ కవరులో పెట్టండి. వాట్సాప్‌కు ఆరంకెల పిన్ పెట్టి, దానికి మెయిల్ కూడా ఇవ్వండి. మన తర్వాత మన అకౌంట్ ఎవరికి చేరాలో ముందే చెప్పుకునే వీలు కూడా గూగుల్‌లో ఉంది, మూడు నెలల నుంచి 18 నెలల దాకా గడువు పెట్టుకోవచ్చు. మీ బాపుకు అది ఎవరూ చెప్పలేదు, మీరు మాత్రం పెట్టుకోండి.

మీ ఆయన ఇండియా సిమ్ సంగతేంటి? దమ్మామ్‌లో అక్కడి నంబరు వాడుతూ ఇక్కడి సిమ్‌ను పెట్టెలో పడేసి ఉంటే, బాపు నంబరుకు అయిందే దానికీ అవుతుంది. ఆయన జీతం పడే ఎన్ఆర్ఈ (విదేశాల్లో ఉన్నవాళ్ళకు ఇచ్చే) ఖాతా ఓటీపీలు దానికే వస్తుంటాయి. పైగా ఆగిపోయిన, వేరేవాళ్ళకు వెళ్ళిన నంబర్లను యూపీఐ నుంచి తీసేయాలని, దాన్ని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025లో బ్యాంకులకు గట్టిగా చెప్పింది. అది మంచి పనే, కానీ సిమ్ ఆగిన గల్ఫ్ వాళ్ళకు సెలవుకొచ్చాక తెలుస్తుంది. ఇంటి నుంచి మీరే ఆయన నంబరుకు చిన్న ప్యాక్ వేస్తూ ఉండండి, ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. ఖాతాకు సౌదీ నంబరు కలిపే వీలు ఆయన బ్యాంకులో ఉందేమో కూడా అడిగించండి, కొన్ని బ్యాంకులు ఇస్తున్నాయి.

ఒకటి మర్చిపోయాను. మీ లేఖ కింద మీ మెయిల్ ఐడీ, గుర్తున్న పాస్‌వర్డ్, అమ్మ ఖాతా నంబరు రాశారు, నేను ప్రయత్నించి చూస్తానేమోనని. అవి అచ్చులోంచి తీసేశాం, లేఖను చించేశాం. ఆ పాస్‌వర్డే ఫేస్‌బుక్‌కో ఇంకోదానికో పెట్టి ఉంటే ఇవాళే మార్చండి. మళ్ళీ రాసేటప్పుడు ఫోన్ మోడల్, రిపేరు అతను ఏమన్నాడు, రికవరీ పేజీలో ఏ మాట కనబడుతోంది, ఈ మూడూ రాస్తే చాలు.